తడిసిన కార్పెట్ చూసి 7 లక్షల లోనుకు వెళ్లకండి

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మా చిన్న కారు కొని 11 ఏళ్లైంది. ఈ వర్షాలకు ముందు ఎడమ సీటు దగ్గర కార్పెట్ తడిసి ముద్దవుతోంది, ఒకటే ముక్కిన వాసన. 'పాత బండికి లీకులు ఆగవు, అమ్మేయండి' అంటున్నాడు మెకానిక్. ఎఫ్‌డీ తీసి డౌన్ పేమెంట్ కట్టి, 7 లక్షలు లోను పెట్టమంటున్నాడు మా తమ్ముడు. పోనీ ఇన్సూరెన్స్‌లో ఏమైనా వస్తుందా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. 7 లక్షలకు 9.5 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 14,700 రూపాయల ఈఎంఐ. అందులో వడ్డీయే 1.82 లక్షలు పోతుంది. ఇంత బరువు ఎత్తుకునే ముందు నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలియాలి కదా! మీ మెకానిక్ అది చూసినట్టు లేదు.

ముందు వాన లేని రోజు ఏసీ వేసుకుని అరగంట తిరగండి. బండి కింద చుక్క పడకుండా లోపల తడి కనిపిస్తే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టే. మన ఊరి ఉక్కకు ఏసీ నుంచి నీరు బాగానే దిగుతుంది. దానికి బయటికి దారి లేకపోతే చాలా కార్లలో ఆ ఎడమ కాళ్ల దగ్గరికే చేరుతుంది. పైపు శుభ్రం చేయించడం చిన్న పని.

వాన పడ్డప్పుడే తడిస్తే వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ తీయించండి. చెట్టు కింద ఆపే బండి అయితే ఆకులు కుళ్లి అక్కడి కన్నాలు పూడిపోతాయి. నిలిచిన నీరు బ్లోయర్ దారిలో లోపలికి దిగుతుంది. తర్వాత నాకు అనుమానం తలుపు మీద. కిటికీ అద్దం మీది వాన తలుపు లోపలికి దిగి, అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోవడం మామూలే. కానీ డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీట్ ఊడితే ఆ నీరు కార్పెట్ మీదికి వస్తుంది. స్పీకర్లు మార్చినప్పుడో, పవర్ విండో బాగు చేసినప్పుడో ఆ షీట్‌ను సరిగా అంటించకుండా వదిలేస్తుంటారు.

ఇంకా తేలకపోతే మ్యాట్లు తీసి, కార్పెట్ ఎత్తి ఆరబెట్టండి. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు సన్నటి ధారతో నీళ్లు పట్టాలి. ముందు తలుపు అడుగు, తర్వాత తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్, ఆఖరున ముందు అద్దం అంచు. ఒక్కోచోట కాసేపు ఆగుతూ కింద నుంచి పైకి రావాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అంతటా జారి, అసలు చోటు దొరకదు. దయచేసి ఈ పని కాకుండా ఎవరినీ సిలికాన్ పూయనివ్వకండి. దానికిచ్చే డబ్బు దండగ.

చోటు దొరికాక ఫ్లోర్ రేకు చూడండి. సముద్రపు గాలికి తోడు కార్పెట్ కింది స్పాంజి రోజుల తరబడి తడిగా ఉంటే తుప్పు త్వరగా పడుతుంది. పైపైన ఉంటే గీకించి పెయింట్ వేయించవచ్చు. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకు లోపలికి పోతోందా, గాజువాక ఆటోనగర్‌లో ఇద్దరి దగ్గర టింకరింగ్ ఎస్టిమేట్ తీసుకోండి. అది మూడు నెలల ఈఎంఐ, అంటే 44 వేలు దాటితే అమ్మడమే మేలు. దాటకపోతే చేయించండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. వరదలోనో తుపానులోనో బండి మునిగితే కాంప్రిహెన్సివ్ పాలసీ ఆదుకుంటుంది. రబ్బరు అరిగి, పైపు పూడి వచ్చిన తడి అరుగుదల కిందికి వస్తుంది కాబట్టి ఇవ్వరు. పైగా చిన్న మొత్తానికి క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండి నష్టానికి కట్టే భాగంలో, అది 50 శాతం తగ్గింపు. కారు మారినా, పాలసీ అదే పేరున తీసుకుంటే కొత్త కారుకు మార్చుకోవచ్చు. కొత్త బండి ప్రీమియం ఎక్కువ కాబట్టి అప్పుడే దాని విలువ తెలుస్తుంది.

మీ ఆర్‌సీ 15 ఏళ్లకు కదా, ఇంకా నాలుగేళ్లుంది. ఈఎంఐగా కట్టాల్సిన దాంట్లో నెలకు 10 వేలు ఆర్‌డీలో వేయండి. అప్పటికి అసలే 4.80 లక్షలు అవుతుంది, వడ్డీ పైన. మీ ఎఫ్‌డీ కదలదు, లోను సగానికి పైగా తగ్గుతుంది.