‘ఉందా?’ వేరు, ‘ఎంత ముదిరింది?’ వేరు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ‘ఒక్క రక్తపు చుక్కతో పార్కిన్సన్స్ ఆచూకీ’ అని శీర్షిక పెట్టావు. లోపల చెప్పిందేమో జబ్బు ఏడాదికేడాది ఎలా ముదురుతోందో రక్తంతో, మెదడు తరంగాలతో కనిపెట్టడం గురించి. శీర్షిక ఒక ప్రశ్నకు జవాబు, వ్యాసం ఇంకో ప్రశ్నకు జవాబు. ముందు ఈ ముడి విప్పుకుంటే మిగతా తప్పులు సగం వాటంతటవే పోతాయి.

2016లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, వైద్యపరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ కలిసి బయోమార్కర్లను, అంటే ఒంట్లో కొలవగలిగే జబ్బు సూచికలను, ఏడు రకాలుగా విడగొట్టాయి. నీకు మూడు చాలు. జబ్బు ఉందా లేదా, ఇకముందు ఎలా నడుస్తుంది, ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది. ఏ పరీక్ష పేరు రాసినా పక్కన పెన్సిల్‌తో ఈ మూడింటిలో దేనికి జవాబో రాసుకో. రాయలేకపోతే ఆ పరీక్ష నీకింకా అర్థం కాలేదన్నమాట.

ఆల్ఫా సిన్యూక్లిన్ పరీక్షనే తీసుకో. పార్కిన్సన్స్‌లో మెదడు కణాల్లో వంకర తిరిగి పేరుకునే ప్రోటీన్ అది. ‘విప్లవాత్మకం’ అని ఒక్క మాటలో వదిలేశావు, అదెలా పనిచేస్తుందో చెప్పలేదు. వెన్నులోంచి తీసిన నీటిని కొద్దిగా తీసుకుని, ల్యాబ్‌లో తయారుచేసిన మామూలు ఆల్ఫా సిన్యూక్లిన్‌లో కలుపుతారు. థయోఫ్లావిన్ టి అనే రంగు వేసి, వెచ్చగా ఉంచి గంటల తరబడి, కొన్ని పద్ధతుల్లో రోజుల తరబడి కుదుపుతుంటారు. ఆ నీటిలో వంకర తిరిగిన ప్రోటీన్ కొంచెమున్నా చాలు, పక్కనున్న మంచి ప్రోటీన్‌ను కూడా తనలాగే మార్చుకుంటూ పోతుంది. పోగులు పెరిగేకొద్దీ రంగు మెరుస్తుంది. పాలలో తోడు పడ్డట్టే. తెల్లారేసరికి గిన్నెలో పెరుగు ఉందంటే తోడు పడిందని తెలుస్తుంది. ఎన్ని చుక్కలు పడ్డాయో పెరుగును చూసి చెప్పలేం. అందుకే ఈ పరీక్ష ‘ఉందా’ అన్నదానికి బాగా జవాబిస్తుంది, ‘ఎంత’ అన్నదానికి ఇవ్వదు. జబ్బు జాడ పట్టే పరీక్షని, జబ్బు వెంట నడిచే పరీక్ష అన్నావు నువ్వు.

అంకెలు వెయ్యాలనుకుంటే 2023లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చిన, పార్కిన్సన్స్ బయోమార్కర్ల మీద నడిచే పీపీఎంఐ అధ్యయనం చూడు. 1,123 మందిని పరీక్షించారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో 87.7 శాతం మందికి పాజిటివ్ వచ్చింది, ఆరోగ్యవంతుల్లో 96.3 శాతం మందికి నెగటివ్ వచ్చింది. ఇక్కడితో ఆగిపోకు. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే జన్యువులో మార్పు వల్ల జబ్బు వచ్చినవాళ్ళలో ఇదే పరీక్ష 67.5 శాతం మందినే పట్టింది. ఆ జన్యు మార్పుతో చనిపోయిన కొందరి మెదళ్ళు కోసి చూస్తే ఆ ప్రోటీన్ ముద్దలు, అంటే లూయీ బాడీలే, అసలు కనిపించలేదు. బయటికి ఒకే జబ్బులా ఉన్నా లోపల దారులు వేరన్నమాట. నీ వ్యాసంలో ఒక పేరా పెంచే చోటు ఉంటే దీనికి ఇవ్వు.

ఇది వెన్నునీటి సంగతి, రక్తానిది కాదు. రక్తంలో ఉండే ఆల్ఫా సిన్యూక్లిన్‌లో 99 శాతానికి పైగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. సూది సన్నగా ఉన్నా, రబ్బరుపట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచినా, ట్యూబును గట్టిగా ఊపినా కొన్ని ఎర్రకణాలు పగిలి ప్లాస్మా గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు కొలిచేది మెదడుది కాదు, పగిలిన కణాలది. అందుకే ఏ రక్తపరీక్ష గురించి చదివినా పగిలిన కణాల లెక్క, అంటే ప్లాస్మాలోని హిమోగ్లోబిన్, చూశారో లేదో వెతుక్కో. చూడని అధ్యయనాన్ని పక్కన పెట్టు. నిర్దయగా అనిపించినా సరే. 2023లోనే జపాన్‌లోని జుంటెండో విశ్వవిద్యాలయం వాళ్ళు సీరంలోంచి, అంటే గడ్డకట్టిన రక్తం మీద తేలిన నీటిలోంచి, ముందుగా ఈ వంకర ప్రోటీన్‌ను యాంటీబాడీలతో ఏరి, తర్వాతే తోడు వేశారు. ఆ ఏరే మెట్టే కీలకం, అది రాయకపోతే పాఠకుడికి కిటుకు అందదు.

జబ్బు నడకను చూపడానికి రక్తంలో ఎక్కువగా కొలిచేది న్యూరోఫిలమెంట్ లైట్, ఎన్‌ఎఫ్‌ఎల్. నరాల తీగల లోపలి కట్టె లాంటిది. తీగ చెడితే అది విరిగి వెన్నునీటిలోకి, అక్కడినుంచి కాస్త రక్తంలోకి వస్తుంది. కొలత మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు, తెలుగులో ఇలా రాస్తే ఎవరికైనా తడుతుంది. రక్తంలో అంత తక్కువను నమ్మకంగా చదవడం సిమోవా లాంటి, అతి తక్కువ ప్రోటీన్‌ను కూడా లెక్కించే పరికరాలు వచ్చాకే కుదిరింది.

అయితే ఇది పార్కిన్సన్స్ ప్రోటీన్ కాదు. తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా, షుగర్ వల్ల కాళ్ళ నరాలు చెడినా పెరుగుతుంది. వయసుతో పెరుగుతుంది, అరవై దాటాక మనిషికీ మనిషికీ తేడా బాగా ఎక్కువవుతుంది. కిడ్నీలు మందగిస్తే పెరుగుతుంది, ఒళ్ళు చేసినవాళ్ళలో తక్కువగా కనిపిస్తుంది. మామూలు పార్కిన్సన్స్‌లో ఇది చాలామందికి ఆరోగ్యవంతుల అంకెలకు దగ్గర్లోనే ఉంటుంది. ఎంఎస్‌ఏ, పీఎస్‌పీ లాంటి, పైకి పార్కిన్సన్స్‌లాగే కనిపించే వేరే మెదడు జబ్బుల్లో బాగా ఎక్కువ. కాబట్టి దీని అసలు బలం ఆ జబ్బుల్ని వేరుచేయడంలో ఉంది. ఎక్కువ ఉన్నవాళ్ళకు జబ్బు వేగంగా నడుస్తుందన్నది గుంపు మీద నిజం, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి అది జోస్యం కాదు. ‘గుంపు మీద’ అన్న మాట ప్రతిచోటా వెయ్యి, విసుగొచ్చినా వెయ్యి.

రెండు కొలతల్ని పోల్చాలంటే రెండూ ఒకేలా తీసుండాలి. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీసి, గంటా రెండు గంటల్లో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాను చిన్నచిన్న గొట్టాల్లో పంచి, మైనస్ 80 డిగ్రీల్లో పెడతారు. పోయినేడు ప్లాస్మాలో, ఈ ఏడు సీరంలో కొలిస్తే ఆ తేడా జబ్బుది కాకపోవచ్చు. ‘ఒక్క చుక్క’ అన్నది ఇక కొట్టెయ్, తీసేది ట్యూబు నిండా.

ఇంకో గుంత ఉంది. డోపా డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ పార్కిన్సన్స్‌లో వెన్నునీటిలోనూ రక్తంలోనూ పెరుగుతుందని స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు 2023లో చూపారు. మంచి సూచికే. కానీ ఈ జబ్బుకు మనవాళ్ళు మింగే సిండోపా 110 బిళ్ళలో, మెదడులో డోపమిన్‌గా మారే అసలు మందు లెవోడోపా 100 మిల్లీగ్రాములతో పాటు 10 మిల్లీగ్రాముల కార్బిడోపా ఉంటుంది. కార్బిడోపా పని ఆ ఎంజైమ్‌ను అడ్డుకోవడమే. అడ్డుకుంటే శరీరం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. మందు మొదలుపెట్టినవాళ్ళలో ఆ అంకె పెరిగితే జబ్బు ముదిరిందనుకుంటావా, బిళ్ళ పనిచేసిందనుకుంటావా? మందు మొదలుకాని రోగుల్లో కొలిచారా అని మొదట అడుగు.

సూచికను మార్చినంత మాత్రాన జబ్బు మారదని చెప్పడానికి యూరిక్ యాసిడ్ కథ వాడుకో. అది ఎక్కువున్నవాళ్ళలో పార్కిన్సన్స్ నెమ్మదిగా నడుస్తోందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. దాంతో 298 మందిని తీసుకుని, యూరిక్ యాసిడ్‌ను పెంచే ఇనోసిన్ పనిచేస్తుందేమో పరీక్షించి చూశారు. రక్తంలో యూరిక్ యాసిడ్ అనుకున్నట్టే పెరిగింది, జబ్బు మాత్రం నెమ్మదించలేదు, కిడ్నీలో రాళ్ళు ఎక్కువయ్యాయి. ఫలితాలు 2021లో జామా అనే వైద్యపత్రికలో వచ్చాయి.

‘90 శాతం కచ్చితత్వం’ అని రాశావు. లెక్క వేసి చూపించు. అరవై దాటినవాళ్ళు వెయ్యి మందిలో సుమారు పదిమందికి ఈ జబ్బు ఉంటుందనుకో. పరీక్ష 90 శాతం రోగుల్ని పడుతుంది, ఆరోగ్యవంతుల్లో 5 శాతం మందిని మాత్రమే తప్పుగా పడుతుంది అనుకో. తొమ్మిదిమంది నిజంగా దొరుకుతారు. మిగతా 990 మందిలో దాదాపు యాభైమంది అనవసరంగా దొరుకుతారు. అంటే పాజిటివ్ వచ్చినవాళ్ళలో సుమారు ఆరుగురిలో ఒకరికే నిజంగా జబ్బు ఉంటుంది. న్యూరాలజిస్టు గదిలో బాగా పనిచేసే పరీక్ష వైద్యశిబిరంలో ఎందుకు భయపెడుతుందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది.

ఇక మెదడు తరంగాలు. ఇక్కడ నువ్వు రెండు వేర్వేరు వస్తువుల్ని ఒకే పేరుతో పిలిచావు. నెత్తి మీద టోపీ పెట్టి తీసే ఈఈజీ ఒకటి. డీబీఎస్ ఆపరేషన్‌లో, అంటే మెదడు లోతుకు కరెంటు ఇచ్చే చికిత్సలో, సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే లోపలి భాగంలోకి దించిన తీగ వినిపించేది ఇంకొకటి. బీటా, అంటే సెకనుకు 13 నుంచి 30 సార్లు ఊగే అల, పార్కిన్సన్స్‌లో పెరుగుతుందని నువ్వు రాసింది ఆ లోపలి తీగ సంగతి. లెవోడోపా పడితే తగ్గుతుంది, డీబీఎస్ కరెంటు ఇస్తే తగ్గుతుంది. ఒళ్ళు బిగుసుకోవడం, కదలిక మందగించడం దానితో పాటు నడుస్తాయి. వణుకు అంతగా నడవదు. అందుకే ‘వణుకుడు రోగం’ అన్న పేరు ఈ వ్యాసానికి సరిపోదు. పైగా కొంతమంది రోగులకు వణుకే ఉండదు.

నెత్తి మీది ఈఈజీ వేరే సంగతి చెబుతుంది. అలలన్నీ నెమ్మది వైపు జారడం, థీటా అనే నెమ్మది అల పెరగడం, ప్రధాన లయ నెమ్మదించడం మతిమరుపు వైపు సూచన. కదలికల కంటే ఆలోచనకు ఇది మంచి సూచిక. ఇందులో ఒక తమాషా చిక్కుంది. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు. థీటా 4 నుంచి 8. దవడో మెడో వణికి తీగలు కదిలితే ఆ వణుకే థీటాలా నమోదవుతుంది. పళ్ళు బిగబట్టితే కండరాల రొద బీటాలోకి వచ్చి పడుతుంది. రోగి కునుకు తీసినా థీటా పెరుగుతుంది, అందుకే కళ్ళు మూయించినా మెలకువగా ఉంచుతారు. మన దగ్గర గోడలోని కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఊపుల దగ్గర గీత గీస్తుంది, అమెరికా రికార్డింగుల్లో అది 60 దగ్గర ఉంటుంది. పటాలు పోల్చేటప్పుడు ఇది మరిచిపోకు.

లోపలి తీగకు చిక్కులు లేవని కాదు. మెడ్‌ట్రానిక్ కంపెనీ డీబీఎస్ పరికరం పర్సెప్ట్ 2020 నుంచి ఇంటి దగ్గర కూడా ఈ అలల్ని రాసి పెడుతోంది. ఎంచుకున్న, 5 హెర్ట్జ్ వెడల్పున్న పట్టీని పది నిమిషాలకోసారి సగటు చేసి దాచుతుంది. రోజుల తరబడి ధోరణి చూడటానికి అది బాగుంటుంది, అరసెకను ఉండే బీటా ఉప్పెనలు ఆ సగటులో మునిగిపోతాయి. బ్యాటరీ డబ్బా ఛాతీకి ఎడమవైపు ఉంటే గుండె చప్పుడు కూడా ఎక్కువగా చేరుతుంది. గాఢనిద్రలో బీటా దానంతటదే తగ్గుతుంది, రాత్రి గీత కిందికి వచ్చిందని మందును మెచ్చుకోకు. ఈ అలను చూసి కరెంటును తనే పెంచి తగ్గించుకునే పద్ధతికి ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. చూశావా, ఇక్కడ సూచిక జబ్బు ఏళ్ళ నడకను కాదు, ఈ గంట మనిషి ఎలా ఉన్నాడో చెబుతోంది. ‘ట్రాకింగ్’ అన్న ఒక్క మాట కింద ఈ రెండు కాలాల్నీ దాచేశావు.

కాబట్టి ఏ రికార్డింగ్ గురించి రాసినా రోగి మందు పనిచేస్తున్న ‘ఆన్’లో ఉన్నాడా, మందు లేని ‘ఆఫ్’లోనా అని రాయి. ఆఫ్ అంటే సాధారణంగా రాత్రి నుంచి 12 గంటలు లెవోడోపా ఆపడం. మనవైపు ఇంకో ప్రశ్న కూడా అడగాలి, దూలగొండి చూర్ణం ఏమైనా తీసుకుంటున్నాడా అని. ఆ గింజల్లో ఉన్నది సాక్షాత్తూ లెవోడోపానే, 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వాటినుంచి వేరుచేశారు. బిళ్ళ ఆపి, పొద్దున్నే పాలలో చూర్ణం కలుపుకుని వచ్చినవాడి ‘ఆఫ్’ ఆఫ్ కాదు.

రక్తమైనా తరంగమైనా చివరికి డాక్టరు చేత్తో పట్టి, నడిపించి ఇచ్చే మార్కుతోనే పోలుస్తారు. ఎండీఎస్-యూపీడీఆర్‌ఎస్ మూడో భాగం, 132కి. అందులో మూడు పాయింట్ల పైన మెరుగైతేనే, నాలుగున్నర పైన దిగజారితేనే రోగికి తేడా తెలుస్తుందని ఒక అంచనా. ‘గణాంకపరంగా ముఖ్యమైన మార్పు’ అని నువ్వు రాసిన చోట అసలు ఎన్ని పాయింట్లో వెయ్యి. ఒకటిన్నర అయితే ఒకటిన్నర అనే వెయ్యి.

భాష గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ‘మస్తిష్కమేరు ద్రవం’ తీసేసి వెన్నునీరు అను. బయోమార్కర్‌ను అలాగే ఉంచు, ‘జైవసూచి’ అంటే ఎవరూ వెతుక్కోరు. ‘త్వరలోనే మన ఊళ్ళోనూ’ అన్న ఆఖరి వాక్యం కొట్టెయ్. ఫోటో కూడా మార్చాలి, ఈఈజీ టోపీ బొమ్మ కింద డీబీఎస్ గురించి రాశావు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పట్టే సమయం గురించిన మూడో పేరా మాత్రం ముట్టుకోకు. అది ఎలా ఉందో అలాగే పంపించు.

ఆశీస్సులతో.