ఆకులూ కాడలూ కలిపి తూచారా?

ప్రశ్న: మా తమ్ముడు స్నేహితుడి కారులో వస్తుండగా పోలీసులు ఆపారు. డిక్కీలో గంజాయి దొరికిందని ఇద్దరినీ అరెస్టు చేశారు. బరువు 21 కిలోల 300 గ్రాములని రాశారు. ఆకులూ కాడలూ అన్నీ కలిపి గోనెసంచులతోనే తూచారట. ఆ సంచుల సంగతి వాడికి తెలియనే తెలియదు. ఎవరి జోలికీ పోని పిల్లవాడు. అమ్మ దిగులుతో మంచం పట్టింది. ఐదు నెలలైనా బెయిలు రాలేదు. గెజిటెడ్ అధికారి లేకుండా సోదా చేశారు కనుక కేసు నిలవదని ఒకరంటున్నారు. సొంత వాడకానికని ఒప్పుకుంటే చికిత్సకు పంపి వదిలేస్తారని మా బావగారి సలహా. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినదానిలో కేసు దిశను మార్చగల మాట ఒక్కటే ఉంది. ఆకులూ కాడలూ కలిపి, సంచులతో తూచారన్నది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి అంటే మొక్క మొత్తం కాదు, దాని పూత లేదా కాయ పట్టిన కొనలు. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ గంజాయి కిందికి రావు. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. దానికి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల కఠిన కారాగార శిక్ష, లక్ష నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా. శిక్ష దాకా పోకముందే 37వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని కోర్టుకు నమ్మకం కుదిరితే తప్ప బెయిలు రాదు. 20 కిలోల లోపైతే ఈ అడ్డు ఉండదు, శిక్షా పదేళ్లు మించదు. మీ తమ్ముడు ఆ గీతకు అవతల ఉన్నది 1,300 గ్రాములతో. గోనెసంచుల బరువు, కాడల బరువు తీసేస్తే ఎక్కడ తేలుతాడు?

ఇది నోటిమాటతో తేలదు. కొనలతో కలిసి ఉన్న ఆకులనూ లెక్కించాలని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది. కనుక కాగితాలు ముఖ్యం. మధ్యవర్తుల నివేదికలో, అంటే పంచనామాలో, సరుకును ఎలా వర్ణించారు? ఖాళీ సంచిని విడిగా తూచారా? 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు జాబితా ధ్రువీకరించి నమూనాలు తీసినప్పుడు ఎంత బరువు నమోదైంది? అప్పటి ఫోటోలలో కనిపిస్తున్నదేమిటి? ఐదు నెలలుగా తిరుగుతూ ఈ కాగితాలలో ఒక్కటీ చూసినట్లు మీరు రాయలేదు. రిమాండు తేదీ కూడా రాయలేదు! వాణిజ్య పరిమాణం కేసులో రిమాండు రోజుతో కలిపి 180 రోజుల్లో ఛార్జిషీటు దాఖలు కాకపోతే బెయిలు హక్కు. కానీ ఛార్జిషీటు పడేలోపే అడగాలి. పడ్డాక అడిగితే ఆ హక్కు పోయినట్లే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక ఇచ్చి గడువును ఏడాది దాకా పొడిగించమని కోరవచ్చు. అలా కోరితే, ఆ రోజు మీ తమ్ముణ్ని కోర్టు ముందు హాజరుపరిచి సంగతి తెలియజేశారా అన్నది చూడండి.

గెజిటెడ్ అధికారి వాదన మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ నియమం ఉన్న 50వ సెక్షన్ ఒంటి సోదాకు వర్తిస్తుంది, సంచికి కాదు. 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది.

ఇక మీ బావగారి సలహా. దాని జోలికి పోవద్దు! చికిత్సకు ఒప్పుకున్న వ్యసనపరుడికి 64ఎ సెక్షన్ ఇచ్చే రక్షణ స్వల్ప పరిమాణం కేసులకూ, కేవలం వాడకం కేసులకూ పరిమితం. గంజాయిలో స్వల్పమంటే కిలో లోపు. 21 కిలోలు సొంతానికంటే ఏ జడ్జీ నమ్మడు. పైగా ఆ ఒక్క మాటతో, సంచుల సంగతి తెలియదన్న అసలు వాదనను మీ తమ్ముడే చేజేతులా చంపుకుంటాడు. సరుకు నిందితుడి అధీనంలో ఉందని ప్రాసిక్యూషన్ చూపితే, తెలిసే ఉంచుకున్నాడని 35, 54 సెక్షన్ల కింద కోర్టు భావిస్తుంది. అది తప్పని రుజువు చేసే భారం ఇతనిది.

రేపే మీ వకీలుతో నకళ్లకు దరఖాస్తు పెట్టించి, 180వ రోజు ఏ తేదీన వస్తుందో రాయించుకోండి. తూకంలో తేడా తేలితే ఆ ఒక్క అంశం మీదే బెయిలు పిటిషన్ వేయించండి. కారు ఎవరిది, మీ తమ్ముడు ఎక్కడ, ఎప్పుడు ఎక్కాడు, సంచులు అంతకుముందే డిక్కీలో ఉన్నాయా అన్నవి చూపడానికి ఇద్దరి కాల్ రికార్డులు, టవర్ లొకేషన్లు తెప్పించమని కోర్టును కోరండి. వాటిని ఫోను కంపెనీలు ఎల్లకాలం దాచి ఉంచవు.