గట్టు మీద నడవనిస్తే పొలం పోతుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వరి చేను వెనక ఒకాయనకు కొబ్బరి తోట ఉంది. దింపు రోజుల్లో మా గట్టు మీదుగా కాయలు మోయించుకుంటానని అడుగుతున్నాడు. మా అన్నయ్య వద్దంటున్నాడు. ‘ఇవాళ మనిషి, రేపు బండి, ఎల్లుండి ట్రాక్టరు, చివరికి పొలమే పోతుంది’ అని ఆయన వాదన. నిజమేనా?

జవాబు: ఏకై వచ్చి మేకైన దారి తగాదాలు చాలానే చూశాను కాబట్టి మీ అన్నగారి మాట కొట్టిపారేయను. కానీ రేపు, ఎల్లుండి అన్నంత మాత్రాన సరిపోదు. ఒక మెట్టు నుంచి రెండో మెట్టుకి తోసేదేమిటో చూపించాలి. పక్క చేలో రొయ్యల చెరువు తవ్వారనుకోండి, ఉప్పు ఊట మీ చేలోకి దిగుతుంది, వరి పండదు, చివరికి మీరూ చెరువుకే ఇస్తారు. అక్కడ తోసేది నీరు. ఆ భయానికి నేనూ ఓటేస్తాను.

మీ గట్టు సంగతి అలా కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (దారి, నీరు లాంటి వాటికి పక్కవాడి భూమిని వాడుకునే హక్కుల చట్టం) 28వ సెక్షన్ ప్రకారం ఒక రకం దారి హక్కులో ఇంకో రకం కలిసి రాదు. నడిచే హక్కు ఉన్నవాడికే ట్రాక్టరు తోలే హక్కు రాదంటే, ఉత్త అనుమతి ఉన్నవాడి మాట చెప్పాలా? ఇక శాశ్వత హక్కు. 15వ సెక్షన్ కింద 20 ఏళ్లు బహిరంగంగా, ఆటంకం లేకుండా, తన హక్కుగా వాడుకుని ఉండాలి. మిమ్మల్ని అడిగి నడిచేవాడికి ఆ లెక్క మొదలే కాదు. అడక్కుండా నడుస్తున్నవాణ్ణి మొహమాటానికి చూసీచూడనట్టు వదిలేస్తేనే చిక్కు. పొలం పోవడమంటారా, గట్టు మీద నడిస్తే అది స్వాధీనం కాదు.

మీ అన్నగారి భయం నిజమయ్యే చోటు ఒకటుంది. రెండేళ్లు పోయాక ఆయన వచ్చి, ‘వానలకి గట్టు జారుతోందండీ, నా ఖర్చుతోనే గ్రావెల్ పోసి, బోదె మీద తూరలు వేయించుకుంటా’ అంటాడు. ఊరికే గట్టు బాగుపడుతుంది కదా అని మీరు తలూపుతారు. మీ అనుమతి మీద ఆధారపడి తన డబ్బుతో శాశ్వతమైన పని చేసుకున్నవాడి అనుమతిని రద్దు చేయడానికి 60వ సెక్షన్ ఒప్పుకోదు. జారేది అక్కడ.

కాబట్టి నడవనివ్వండి, కాకపోతే కాగితం రాయించుకోండి: ఆయన అడిగితే మీరిచ్చిన అనుమతి అని, కాలినడకకే అని, ఏ పనీ చేయించకూడదని, మీరు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని. ఆయన సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి.

అంతకంటే ముందు పాత దస్తావేజులు తిరగేయండి. చేను, తోట ఒకప్పుడు ఒకరివే అయి, పంపకాల్లోనో అమ్మకంలోనో విడిపోయి, తోటకు మరో దారే లేకపోతే, 13వ సెక్షన్ కింద ఆయనకు దారి హక్కు ఇప్పటికే ఉన్నట్టు. అలాంటిదేమైనా కనిపిస్తే కాగితం రాయించకుండా నాకు మళ్లీ రాయండి.