పరుగు నొప్పులకు నూనె రాసుకునే ముందు

బిడ్డా,

కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం తెల్లవారుజామునే గ్రౌండ్‌కు పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కానీ పిక్కలు, తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోతున్నావని, ఎవరో చెప్పారని గంధపూర తైలం సీసా తెచ్చి నేరుగా కాళ్లకు పట్టిస్తున్నావని కూడా చెప్పింది. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఉద్యోగమంతా ఆడపిల్లలతో ఖోఖో ఆడించి, పరుగులు తీయించినదాన్ని. ఈ నూనెల గురించి నీకు వివరంగా చెప్పాలనే రాస్తున్నాను.

ముందు నీ నొప్పి సంగతి. అలవాటు లేని పని చేస్తే కండరాల పోగుల్లో కంటికి కనబడని చిరుగులు పడతాయి. ముఖ్యంగా దిగుడు మీద పరుగెత్తినా, గుంజీలు తీసినా, లాంగ్ జంప్‌లో దూకి కాళ్ల మీద ఆగినా ఇది జరుగుతుంది. శరీరం వాటిని బాగుచేసుకునేటప్పుడు వాపు, నొప్పి వస్తాయి. అందుకే ఆ రోజు బాగానే ఉండి, మర్నాడో ఆ తర్వాతి రోజో లేవలేకుండా అవుతుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని గ్రౌండ్‌లో అంటుంటారు, అది నిజం కాదు. పరుగు ఆపిన గంట, గంటన్నరలోనే అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఈ నొప్పి మూడు నాలుగు రోజుల్లో ఏ నూనె రాయకపోయినా తగ్గుతుంది.

మరి నూనె ఏం చేస్తుందంటే, నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. చిరిగిన కండరాన్ని అతికించదు. పుదీనా నూనెలో ఉండే మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని గుర్తించే నరాలను తట్టి లేపుతుంది. కాలు నిజంగా చల్లబడదు, కానీ ఆ చల్లదనం ముందు నొప్పి వెనక్కి పోతుంది. కర్పూరం, నీలగిరి తైలం కూడా దాదాపు ఇదే తీరు. మనవాళ్లకు ఇది కొత్తేం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంలోనూ, 1920 నుంచి హైదరాబాద్‌లో తయారవుతున్న జిందా తిలిస్మాత్‌లోనూ ఉన్నవి ఇలాంటి ఘాటు తైలాలే. ఉపశమనం నిజమే, కాబట్టి వాడొద్దని నేను అనను.

గంధపూర తైలం మాత్రం వేరు. అది దాదాపు మొత్తం మిథైల్ శాలిసిలేట్, ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఒక్క టీస్పూను తైలంలో ఉన్న మందు సుమారు ఏడు గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం. పసిపిల్లలు అది కొంచెం మింగినా ప్రాణం మీదికి వస్తుంది. చర్మం గుండా కూడా రక్తంలోకి పోతుంది. 2007లో న్యూయార్క్‌లో నీకన్నా చిన్నది, పదిహేడేళ్ల పరుగుల అమ్మాయి చనిపోయింది. నొప్పులకు రాసుకునే మందులు ఒళ్లంతా అతిగా వాడటం వల్ల ఈ మిథైల్ శాలిసిలేట్ ఒంట్లో పేరుకుపోయిందని పరీక్షలో తేలింది. ఆ సీసా పక్కన పెట్టెయ్, తల్లీ. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్న మీ నాన్నమ్మ మోకాళ్లకు కూడా రాయనివ్వకు. ఆస్పిరిన్ పడనివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు కూడా దాని జోలికి పోకూడదు.

దాని బదులు ఇలా చెయ్. దగ్గు మందుతో వచ్చే కొలత మూతతో 15 మిల్లీలీటర్ల నువ్వుల నూనె తీసుకో. అందులో నీలగిరి తైలం నాలుగు చుక్కలు, పుదీనా నూనె రెండు చుక్కలు వెయ్. ఇంతకన్నా వద్దు. చుక్కలు పెంచితే ఉపశమనం పెరగదు, చర్మం మండుతుంది. ఆ మూతను మళ్లీ మందుకు వాడకు. మొదటిసారి ముంజేయి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజంతా చూడు. ఎర్రబడినా దురద పెట్టినా అది నీకు పడదన్నమాట. లవంగ నూనె, దాల్చిన చెక్క నూనె కాళ్లకు పట్టించే పని పెట్టుకోకు, చర్మాన్ని బాగా కాలుస్తాయి. స్నానం బకెట్‌లో చుక్కలు వేసుకునేవాళ్లూ ఉన్నారు. తైలం నీళ్లలో కలవదు, పైన తేలి చిక్కగా ఒంటికి అంటుకుంటుంది.

నీలగిరి తైలం, పుదీనా నూనె కొనేటప్పుడు ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి ఆరనివ్వు. జిడ్డు మరక మిగిలితే అందులో మామూలు నూనె ఏదో కలిపినట్టే.

పరుగుకు ముందు అస్సలు రాయకు. ఒంట్లో వేడి, చెమట ఉన్నప్పుడు మందు ఎక్కువగా లోపలికి పోతుంది. పైగా నొప్పి చెప్పే మాట నీకు వినబడదు, ఆగాల్సిన చోట ఆగవు. సాయంత్రం స్నానం చేసి, ఒళ్లు చల్లబడ్డాక చీలమండ నుంచి మోకాలి వైపుకు, మోకాలి నుంచి పైకి అరచేతితో నెమ్మదిగా ఐదు పది నిమిషాలు మర్దన చెయ్. నిజం చెప్పాలంటే సగం సుఖం ఆ మర్దనలోనే ఉంది. దానిమీద గట్టిగా బట్ట చుట్టడం, వేడి నీళ్ల సంచి పెట్టడం వద్దు. షేవ్ చేసిన రోజు, దోక్కుపోయిన చోట వద్దు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో, కళ్లు జాగ్రత్త.

ఇప్పుడు చెప్పేది బాగా చదువు. రెండు కాళ్లూ సమానంగా, కండ అంతటా నొప్పిగా ఉంటే మామూలే. ముంగాలి ఎముక మీద వేలు పెట్టిన ఒక్క చోటే చురుక్కుమంటే అది ఎముకకు సన్నని పగులు కావచ్చు. ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రగా వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, దాన్ని మర్దన చేయడం ప్రమాదం. మూత్రం కోలా రంగులో వస్తే ఆ పూటే ఆసుపత్రికి పో. వీటిలో ఏ ఒక్కదానికీ నూనె పనికిరాదు.

నీ ప్రాక్టీసు కూడా సర్దుకోవాలి. రోజూ 800 మీటర్లు ప్రాణం పెట్టి పరుగెత్తుతున్నావట. వారంలో మూడు రోజులు గట్టిగా చాలు, మధ్య రోజుల్లో నడక, మెల్లని జాగింగ్ చెయ్. లాంగ్ జంప్ వారానికి రెండుసార్లు మించొద్దు. గుడ్డు, పప్పు మానకు, రాత్రి పదింటికి ఫోన్ పక్కన పెట్టి పడుకో. ఒక వారం ఇలా చేసి కాళ్లు ఎలా ఉన్నాయో నాకు ఫోన్ చేసి చెప్పు. సీసాలు మాత్రం ఈ రోజే మీ అక్క కొడుకుకు అందకుండా అటక మీద పెట్టెయ్, వాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ