బాబుకి క్రోన్స్: స్టెరాయిడ్సా, ద్రవాహారమా?

అన్నయ్యా, మీ 12 ఏళ్ల బాబుకి క్రోన్స్ (పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) అని తేలాక ఒక డాక్టర్ స్టెరాయిడ్స్ (వాపు తగ్గించే మందులు) అన్నారు, ఇంకొకరు అన్ని పోషకాలూ ఉండే ఫార్ములా పౌడర్ కలిపి తాగించడమే మందు అన్నారు, రాయగడలో ఎవరిని అడగాలో తెలీడం లేదని రాశారు.

రెండోది చిట్కా వైద్యంలా వినిపిస్తుంది గానీ, తీవ్రత మరీ ఎక్కువ లేని పిల్లలకు యూరప్ నిపుణుల మార్గదర్శకాలు ముందు చెప్పేది దాన్నే. 6 నుంచి 8 వారాలు అన్నం, టిఫిన్ లేకుండా ఆ ఫార్ములా ఒక్కటే. పిల్లల్లో దాదాపు స్టెరాయిడ్స్ అంత పనిచేస్తుంది, ఎదుగుదలకు దెబ్బ ఉండదు. రుచి బాగోదు, చల్లగా ఇవ్వండి. తాగలేకపోతే ముక్కు గొట్టంతో ఇస్తారు. అసలు యుద్ధం "ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది" అనే నానమ్మలతోనే!

మలద్వారం దగ్గర ఫిస్టులా (పేగు నుంచి చర్మానికి ఏర్పడే అసహజమైన దారి) ఉంటే మాత్రం లెక్క వేరు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని అదుపు చేసే ఇంజెక్షన్లు మొదట్లోనే ఆలోచిస్తారు.

ఏది మొదలుపెట్టే ముందైనా టీబీ సంగతి గట్టిగా అడగండి. పేగు టీబీ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. బయాప్సీలో (పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) టీబీకి చూశారా, ఛాతీ ఎక్స్‌రే తీశారా? స్టెరాయిడ్స్, ఆ ఇంజెక్షన్లు లోపల దాగిన టీబీని రేపగలవు. టీకాల కార్డు కూడా చూపించండి.

రిపోర్టులన్నీ పట్టుకుని రైల్లో విశాఖ వెళ్లి పిల్లల గ్యాస్ట్రో డాక్టర్‌కి ఒకసారి చూపించండి. ద్రవాహారం తర్వాత వాపు తిరగబెట్టకుండా ఏ మందు ఇస్తారో అప్పుడే అడగండి. ఫార్ములా మీ ఊళ్లో దొరక్కపోతే అక్కడే సరిపడా కొనుక్కోండి.