పూర్వ విద్యార్థుల ఫోటోలు చూసి పీజీ సీటు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మునుగోడు దగ్గర పల్లె. మా పాప నల్లగొండలో బీఎస్సీ పూర్తి చేసి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసింది. నల్లగొండలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీ (ఎంజీయూ)లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చేటట్టుంది. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) సీటు కూడా వస్తుందంటున్నారు. ఆ కాలేజీ వాళ్ళు పాప ఫోన్‌కు రోజూ పూర్వ విద్యార్థుల ఫోటోలు, జీతాలు, ఓయూలో చదివిన గొప్పవాళ్ళ పేర్లు పంపుతున్నారు. ఎంజీయూ వార్తలు నేను పేపర్ జిల్లా పేజీలో చదువుతుంటాను. సదస్సులు, పీహెచ్‌డీ పట్టాలు, కంపెనీలతో ఒప్పందాలు అని వస్తుంటాయి. ఇందులో దేన్ని చూసి నిర్ణయం తీసుకోవాలి? వెబ్ ఆప్షన్లు పెట్టే టైమ్ దగ్గరపడుతుంటే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
ఒక తండ్రి, మునుగోడు మండలం

జవాబు: నమస్తే అండీ. మీ పాప ముందున్న రెండు దారుల్లో ఏదో ఒకటి మంచిదని ఇక్కడ కూర్చుని నేను చెప్పేస్తే మీకు ఊరట కలుగుతుంది గానీ పాపకు మేలు జరగదు. అందుకే ముందుగా ఆ ఫోటోల సంగతి, ఆ వార్తల సంగతి చూద్దాం. వాటిని చదవడం తెలిస్తే సీటు సంగతి సగం తేలిపోతుంది.

మొదట ‘ఓయూ సీటు’ అనే మాట. వెబ్ ఆప్షన్ల జాబితాలో ఓయూ కింద క్యాంపస్ కాలేజీలూ కనిపిస్తాయి, ఓయూకు అనుబంధంగా నడిచే ప్రైవేటు కాలేజీలూ కనిపిస్తాయి. రెండింటి పట్టా మీదా ఓయూ పేరే ఉంటుంది. కానీ పాఠం చెప్పే సార్లు వేరు, ల్యాబ్ వేరు, హాస్టల్ వేరు, లైబ్రరీ వేరు. ఉస్మానియా 1918లో మొదలైంది. నూరేళ్ళు దాటిన యూనివర్సిటీకి గొప్ప పేర్లు ఉండకుండా ఎట్లుంటాయి? మన మాడ్గుల నుంచి వెళ్ళి అక్కడ ఎంఏ చదివి కేంద్ర మంత్రి అయిన జైపాల్ రెడ్డి గారు ఉన్నారు. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో చదివి అడోబీ సంస్థను నడిపించిన శంతను నారాయణ్ ఉన్నారు. ఆ పేర్లు నిజం, ఆ గౌరవం నిజం. కానీ మీ పాపకు వచ్చేది శివార్లలోని ప్రైవేటు కాలేజీలో సీటు. వాళ్ళెవరూ ఆ కాలేజీ మెట్లు ఎక్కలేదు. వాళ్ళ ఫోటోలు ఆ కాలేజీ పంపిందంటే, తన దగ్గర చదివిన వాళ్ళ గురించి చెప్పడానికి ఏముందని మీరు గట్టిగా అడగాల్సిందే.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ఎంజీయూ 2007లో వచ్చింది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకుముందు ఈ రెండు జిల్లాల్లో డిగ్రీ చదివినవాళ్ళ పట్టాలు చాలావరకు ఓయూవే. నల్లగొండలో 1956లో మొదలైన ఎన్జీ కాలేజీలో మీ వయసువాళ్ళు ఎంతమంది చదివారో, వాళ్ళంతా లెక్కకు ఓయూ పూర్వ విద్యార్థులే. అందుకని మన యూనివర్సిటీల నుంచి డెబ్బై ఏళ్ళ పెద్దమనుషుల పేర్లు వినపడకపోతే చిన్నబుచ్చుకోవద్దు. వీటి పేరుతో పట్టా తీసుకుని బయటికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇంకా నలభై లోపు వాళ్ళే. నా దృష్టిలో ఇది మంచిదే. ఫోన్ చేస్తే ఎత్తే వయసు అది.

ఇక మీరు జిల్లా పేజీలో చదివే వార్తలు.

‘ఫలానా పరీక్ష నిర్వహణ బాధ్యత ఎంజీయూకు’ అనే వార్తలు మీరు చదివే ఉంటారు. 2023లో బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్, 2025లో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ మన నల్లగొండ యూనివర్సిటీయే నిర్వహించింది. జిల్లాకు గౌరవమే. కానీ మీ పాప చదువుకు దానితో పని లేదు, పక్కన పెట్టండి. జాతీయ సదస్సు వార్త చూస్తే ఒక్కటే వెతకండి: అందులో విద్యార్థులు పోస్టర్ గానీ పేపర్ గానీ పెట్టారా, లేక ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టారా? కంపెనీతో ఒప్పందం అని వస్తే, సంతకాల ఫోటో చూసి ఆగిపోకండి. ఆ ఒప్పందం అయ్యాక ఎంతమంది విద్యార్థులు ఆ కంపెనీలో ప్రాజెక్టు చేశారో డిపార్ట్‌మెంట్‌లో అడగండి. నెలలు గడిచినా ఒక్కరూ వెళ్ళకపోతే అది ఇంకా కాగితం మీదే ఉన్నట్టు.

‘నెట్‌లో మెరిసిన విద్యార్థిని’ అనే వార్త దగ్గర మాత్రం ఆగి చదవాలి. నెట్ అంటే లెక్చరర్ ఉద్యోగానికీ, పరిశోధనకూ పెట్టే జాతీయ అర్హత పరీక్ష. కెమిస్ట్రీ వాళ్ళు రాసేది సీఎస్‌ఐఆర్ నెట్. 2024 నుంచి ఇందులో అర్హత మూడు రకాలు. మొదటిది జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. అది వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదట్లోనే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది. రెండోది లెక్చరర్ ఉద్యోగానికీ, పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హత. మూడోది పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. పేపర్లో మూడింటికీ ‘నెట్ సాధించాడు’ అనే రాస్తారు. ఎవరికి ఏది వచ్చిందో అడగండి. అంతకంటే ముఖ్యంగా, ఒకే డిపార్ట్‌మెంట్ నుంచి ఏటా ఇద్దరు ముగ్గురు పేర్లు వస్తున్నాయంటే అక్కడ ఎవరో ఒక సార్ సాయంత్రాలు కూర్చుని పిల్లలతో పాత పేపర్లు చేయిస్తున్నారని అర్థం. ఆ సార్ ఎవరో తెలుసుకోండి. నేను క్యాంపస్ వార్తలు చదివేది ఇలాంటి సంగతి కోసమే.

పీహెచ్‌డీ పట్టా వార్తలో కింద చిన్న అక్షరాల్లో ‘ఫలానా ప్రొఫెసర్ పర్యవేక్షణలో’ అని ఉంటుంది. అందరూ పట్టా అందుకున్నవాళ్ళ పేరు చదువుతారు, మీరు ఆ పర్యవేక్షకుల పేరు చదవండి. మీ పాపకు రేపు ప్రాజెక్టు చేయించేది వాళ్ళే కావచ్చు.

ప్యాకేజీల పోస్టర్ల గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. కొన్నేళ్ళ కిందట జడ్చర్ల వైపు నుంచి ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక కాలేజీ రంగుల కరపత్రం, దాని మీద పన్నెండు మంది పూర్వ విద్యార్థుల ఫోటోలు, ఒక్కొక్కరి కింద కంపెనీ పేరు, జీతం. నేను అది చూసి, బాగానే ఉన్నట్టుంది, చేరు నాన్నా అన్నాను. ఆరు నెలల తర్వాత అతనే ఇంకో కాలేజీ కరపత్రం తెచ్చి రెండూ నా బల్ల మీద పక్కపక్కన పరిచాడు. పై వరుసలో మూడో ఫోటో రెండింట్లోనూ ఒకటే. అదే నీలం చొక్కా, అదే నవ్వు. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి ఫోటో చూసి నేను ఎవరికీ సలహా ఇవ్వలేదు.

మరి దేన్ని చూడాలి? కాలేజీలు తమ గురించి తామే రాసి సమర్పించాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి. కాలేజీల నాణ్యతను తూచే జాతీయ సంస్థ నాక్. దాని గుర్తింపు ఉన్న ప్రతి సంస్థా ఏటా ఒక నాణ్యతా నివేదిక పంపాలి, దాన్ని ఏక్యూఏఆర్ అంటారు. అందులో ఉద్యోగాలు వచ్చినవాళ్ళ వివరాలు, పై చదువులకు వెళ్ళినవాళ్ళ వివరాలు, పూర్వ విద్యార్థుల సంఘం ఏం చేసిందనేవి రాయాలి. కేంద్రం ఏటా ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు దరఖాస్తు చేసే సంస్థలైతే ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అన్నవి చెప్పాలి. మధ్యస్థ జీతం అంటే, అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడే మనిషి జీతం. పోస్టర్ మీద ఉండేది వరుసలో మొదటి మనిషి జీతం. మీ పాప ఆ వరుసలో ఎక్కడ నిలబడుతుందో ఇప్పుడే ఎవరం చెప్పలేం కదా, అందుకే నడుమ మనిషి సంగతి కావాలి. ఈ రెండు కాగితాలూ కాలేజీ వెబ్‌సైట్‌లో ఉన్నాయేమో పాపను వెతకమనండి. మీకు ఫోటోలు పంపుతున్న కాలేజీని నేరుగా అడగండి, ‘మీ ఏక్యూఏఆర్ పంపండి’ అని. ఒక గుర్తింపు పొందిన కాలేజీకి అది కష్టమైన పని కాదు.

అన్నిటికంటే ఎక్కువ తెలిసేది మాత్రం మనుషులతో మాట్లాడితేనే. ఎవరితో? పెద్ద హోదాలో ఉన్నవాళ్ళతో కాదు. మీ పాప కంటే రెండు మూడేళ్ళు ముందు అదే డిపార్ట్‌మెంట్‌లో అదే కోర్సు పూర్తి చేసినవాళ్ళతో. ఇరవై ఏళ్ళ కిందట చదివినవాళ్ళకు ఇప్పటి ల్యాబ్ ఎట్లుందో తెలియదు. రెండేళ్ళ కిందట చదివిన అక్కకు ఏ సార్ బాగా చెప్తారో, ఏ మిషన్ చెడిపోయి మూలకు ఉందో, హాస్టల్‌లో నీళ్ళు ఎప్పుడు రావో అన్నీ తెలుసు.

పాపను ఇట్లా మెసేజ్ పెట్టమనండి: ‘అక్కా, నమస్తే. నాది మునుగోడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి మీ కాలేజీ ఆప్షన్ పెట్టాలనుకుంటున్నాను. ఒక పది నిమిషాలు మాట్లాడొచ్చా? మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు ఫోన్ చేస్తాను.’ అంతే చాలు. ఉద్యోగం ఇప్పించమని అడగొద్దు, రెజ్యూమె పంపొద్దు. మాట్లాడేటప్పుడు మూడు సంగతులు అడగాలి. మీ బ్యాచ్‌లో ఎంతమంది ఉండేవాళ్ళు, ఇప్పుడు ఎవరెవరు ఏం చేస్తున్నారు? హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద మీ చేతులతో మీరు ఎన్నిసార్లు పనిచేశారు? చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఎక్కడ చేశారు?

హెచ్‌పీఎల్‌సీ అంటే మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే మిషన్. ఆ రెండో ప్రశ్న ఎందుకంటే, కెమిస్ట్రీ పిల్లలకు మన ప్రాంతంలో ఎక్కువ ఉద్యోగాలు ఫార్మాలోనే. చౌటుప్పల్ వైపు కంపెనీలు ఉన్నాయి, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఉంది. ఫ్రెషర్లను క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లోకి తీసుకునేటప్పుడు నిర్వచనాలు అడిగి వదిలిపెట్టరు. ‘బేస్‌లైన్ ఊగుతోంది, ఏం చేస్తావు?’ అంటారు, అంటే మిషన్ గీసే అడుగు గీత నిలకడగా లేదని. మిషన్ ముందు కూర్చున్న పిల్లకు పంపులో గాలి బుడగ చేరిందేమో చూడాలని, ద్రావణంలో గాలి సరిగ్గా తీశామో లేదో చూడాలని వెంటనే తడుతుంది. రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకున్న పిల్ల తడబడుతుంది. నేను చూసినంతలో మంచి మార్కులు ఉన్న పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోతున్నారు. అక్క గనక ‘మేం మిషన్ ముట్టుకోలేదమ్మా, సార్ నడిపితే చూశాం’ అంటే ఆ జవాబును మీరు చాలా సీరియస్‌గా తీసుకోవాలి, అది ఎంజీయూ అయినా, ఓయూ అయినా, ఇంకొకటైనా.

ఈ అక్కలు ఎక్కడ దొరుకుతారంటే, పాప చదివిన డిగ్రీ కాలేజీ లెక్చరర్లను ముందు అడగండి. వాళ్ళ పాత విద్యార్థులు ఎవరు ఎక్కడ పీజీ చేశారో వాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తర్వాత లింక్డ్‌ఇన్‌లో యూనివర్సిటీ పేరు కొట్టి చూడొచ్చు. ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ వార్తల కింద బ్యాచ్ సంవత్సరం రాస్తారు, అదీ పనికొస్తుంది. ప్రైవేటు కాలేజీ వాళ్ళను కూడా ఒకరిద్దరి నంబర్లు ఇమ్మని అడగండి. అయితే వాళ్ళు ఇచ్చిన ఇద్దరితో పాటు, మీరే వెతికి పట్టుకున్న ఒకరితో కూడా మాట్లాడాలి.

ఇప్పుడు నా అభిప్రాయం. మీరు రాసిన వివరాలను బట్టి, ఎంజీయూ క్యాంపస్ సీటుకు నేను మొగ్గు చూపుతాను. క్యాంపస్‌లో పరిశోధన చేసేవాళ్ళు ఉంటారు, పీహెచ్‌డీ అన్నలూ అక్కలూ ల్యాబ్‌లో తిరుగుతుంటారు, వాళ్ళ పక్కన నిలబడి నేర్చుకునేది సిలబస్‌లో ఉండదు. ఇంటి నుంచి నల్లగొండకు, అక్కడి నుంచి నార్కట్‌పల్లి రోడ్డులో అన్నెపర్తి క్యాంపస్‌కు ఆర్టీసీలో వెళ్ళొచ్చు. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ముందు మీరే కట్టండి, తర్వాత ఇస్తాం అనే ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. చివర్లో సర్టిఫికెట్ల దగ్గర ఇబ్బంది పడ్డ పిల్లలను నేను చూశాను. ఈ సంగతి అక్కడ కాగితం మీద రాయించుకోకుండా ఒప్పుకోవద్దు. పాపకు ఓయూ క్యాంపస్‌లోనే సీటు వచ్చే ర్యాంకు ఉంటే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు హాస్టల్ ఖర్చు చూసుకుని అదే మొదటి ఆప్షన్‌గా పెట్టండి.

అయితే ఇది నా మొగ్గు మాత్రమే. దీన్ని మార్చగలిగేది ఆ అక్కలు చెప్పే జవాబులు. అందుకే ఆప్షన్లు పెట్టేలోగా ఒక పనిదినం చూసుకుని, పాపతో కలిసి రెండు చోట్లకూ వెళ్ళి రండి. ఆదివారం వద్దు, ఆ రోజు ల్యాబ్ తాళం వేసి ఉంటుంది. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ జరిగే టైమ్‌కు వెళ్ళి, అడిగి లోపలికి పోయి, మిషన్ ముందు కూర్చున్నది సారా, పిల్లలా చూడండి. ఫోన్లు మాత్రం మీరు చేయొద్దు, పాపనే చేయనివ్వండి. మొదటి ఫోన్‌కు గొంతు వణుకుతుంది, మూడో ఫోన్‌కు సర్దుకుంటుంది. వాళ్ళు ఏం చెప్పారో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోమనండి. అప్పటికీ తేలకపోతే ఆ పేజీల ఫోటో తీసి నాకు పంపండి, కలిసి చూద్దాం.