రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు?

పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మావారి ఆఫీసులో పనిచేస్తాడు, కాలిఫోర్నియా వచ్చి మూడేళ్ళయింది. వాళ్ళక్క సిటిజన్ కాబట్టి ఆవిడ స్పాన్సర్ చేస్తే నాన్నగారికి గ్రీన్‌కార్డు వచ్చింది. ప్రస్తుతం ఆయన ఇతని దగ్గర ఉంటున్నారు. వయసు 79. ఈ ఏడాది బాత్రూంలో రెండుసార్లు పడ్డారు. భార్యాభర్తలిద్దరివీ ఉద్యోగాలే.

"ఆంటీ, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఆరుగురే ఉండే చిన్న కేర్ హోమ్ ఒకటి చూశాం. అచ్చం ఇల్లులాగే ఉంది. ఓనరు చాలా మంచావిడ. చేర్పించేయమంటారా?"

"బాగానే ఉంది నాయనా. రాత్రి రెండింటికి మీ నాన్నగారు బాత్రూంకి లేస్తే ఎవరొస్తారు?"

అవతల కాసేపు మాట లేదు. "అది అడగలేదు ఆంటీ" అన్నాడు.

తొమ్మిదేళ్ళ కిందట మా అత్తగారిని చేర్చినప్పుడు నేనూ అడగలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు ఇదేమిటో చెప్పాలి. ఇలాంటి కేర్ హోముల్ని అసిస్టెడ్ లివింగ్ అంటారు. అంటే ఆస్పత్రి కాదు, రాత్రింబవళ్ళూ నర్సులు చూసుకునే నర్సింగ్ హోమ్ కూడా కాదు. స్నానం, బట్టలు, తిండి, మందులు, లేవడం కూర్చోవడం లాంటి వాటిలో సాయం చేసే చోటు. అందులో పెద్దవి ఉంటాయి, వందమంది పట్టే భవనాలు. చిన్నవీ ఉంటాయి, మామూలు వీధిలో మామూలు ఇల్లు. కాలిఫోర్నియాలో వీటిని సిక్స్ బెడ్ హోమ్ అనో, బోర్డ్ అండ్ కేర్ అనో అంటారు. ఆరుగురికి మించకపోతే చట్టం దాన్ని మామూలు కుటుంబం ఉండే ఇంటితో సమానంగానే చూస్తుంది, అందుకే చాలాచోట్ల బయట బోర్డు కూడా కనపడదు. వాషింగ్టన్ రాష్ట్రంలో అడల్ట్ ఫ్యామిలీ హోమ్ అంటారు. ఆరెగాన్‌లో అడల్ట్ ఫాస్టర్ హోమ్, అక్కడ ఐదుగురే. రూల్సన్నీ రాష్ట్రానివే. నర్సింగ్ హోములకున్నట్టు దేశమంతటికీ ఒకే చట్టం వీటికి లేదు. కాబట్టి టెక్సస్‌లో ఉన్న మీ కజిన్ చెప్పింది మీకు పనికిరాకపోవచ్చు, నేను చెప్పేది ఆయనకీ పనికిరాకపోవచ్చు. నాకు బాగా తెలిసింది కాలిఫోర్నియా సంగతే.

మా అత్తగారిని మొదట పెద్దదానిలోనే పెట్టాం. లాబీలో షాండ్లియరు, పియానో, నెలనెలా కార్యక్రమాల పట్టిక. చూసి మేమే మురిసిపోయాం. ఆవిడకి అప్పటికే మతిమరుపు మొదలైంది. భోజనాల హాలు నుంచి తన గదికి దారి తెలిసేది కాదు. అన్ని తలుపులూ ఒకేలా ఉండేవి. ఒకరోజు ఎవరిదో గదిలోకి వెళ్ళి మంచం మీద పడుకున్నారట, ఆ గది ఆవిడ గోల చేసింది. నాలుగు నెలలు చూసి ఆరుగురుండే ఇంటికి మార్చాం.

చిన్న ఇంట్లో ఏం బాగుంటుందో అక్కడ తెలిసింది. హాల్లో కూర్చుంటే వంటగది కనపడేది, తన గది తలుపు కనపడేది. తప్పిపోవడానికి చోటే లేదు. పగలు ఇద్దరు కేర్‌గివర్లు, ఆరుగురు పెద్దవాళ్ళు. ఎవరు ఎంత తిన్నారు, ఎవరు పొద్దుటి నుంచీ దిగులుగా ఉన్నారు అన్నది కాగితం చూసి తెలుసుకోవాల్సిన పనిలేదు. ఒకరోజు అక్కడి కేర్‌గివరు ఫోన్ చేసి, "అమ్మ ఈ రోజు తేడాగా ఉంది, పిలిస్తే ఎటో చూస్తోంది" అంది. జ్వరం లేదు, నొప్పి అని చెప్పడం లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే యూరిన్ ఇన్ఫెక్షన్. పెద్దవయసులో ఇన్ఫెక్షన్ చాలాసార్లు ఇలాగే, జ్వరంతో కాకుండా ఉన్నట్టుండి గందరగోళంగా మాట్లాడటంతో బయటపడుతుంది. రోజూ చూసే మనిషి కాబట్టి ఆ అమ్మాయికి తేడా తెలిసింది. షిఫ్టు షిఫ్టుకీ మనుషులు మారే పెద్ద భవనంలో అయితే మతిమరుపు ముదిరిందనుకుని వదిలేసేవారేమో.

భాష గురించి భయపడ్డాను. అదీ చిన్న ఇల్లు కాబట్టే కుదిరింది. నీళ్ళు, నొప్పి, ఆకలి, చాలు, చలి, బాత్రూం, ఇలా ఓ ఇరవై మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. నెల తిరిగేసరికి ఆ అమ్మాయి "అమ్మా, నొప్పి ఎక్కడ?" అని అడుగుతోంది. యాభైమందికి చేసేవాళ్ళని ఇరవై మాటలు నేర్చుకోమంటే నేర్చుకుంటారా? తిండీ అంతే. వండేది ఒక పొయ్యి మీదే కాబట్టి శాకాహారం విడిగా చేయమని అడగొచ్చు. అయితే చేరకముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టించండి. "చేస్తాం లెండి" అన్న మాట మూడో వారానికి ఉడికించిన బీన్స్ అవుతుంది.

ఇక రెండో వైపు. ఆ కేర్‌గివరు తల్లికి ఒంట్లో బాగాలేదని ఆరువారాలు సొంత దేశం వెళ్ళింది. బదులొచ్చినామె చెడ్డదేం కాదు, కానీ మా అత్తగారు ఆవిడ చేత స్నానం చేయించుకోనని భీష్మించారు. ఆరువారాల్లో ఎన్నిసార్లు స్నానం చేశారో చెప్పడానికి నాకే సిగ్గు. నేను ఆఫీసు నుంచి వెళ్ళి చేయించిన రోజులే ఎక్కువ. చిన్న ఇంటి మంచీ చెడూ రెండూ ఒక్క చోటి నుంచే వస్తాయి. అంతా ఒకరిద్దరు మనుషుల మీద నిలబడి ఉంటుంది. ఆ మనుషులు ఉన్నంతకాలం మీ అమ్మానాన్నలకి అంతకన్నా మంచి చోటు దొరకదు. వాళ్ళు లేని రోజున మిగిలేది ఓ ఇల్లు, ఆరు మంచాలు. అందుకే గదులు, తోట, కిటికీలు చూసి నిర్ణయించకండి. ఆ మనిషి ఎన్నేళ్ళుగా చేస్తోంది, సెలవు పెడితే ఎవరొస్తారు, ఓనరు అదే ఇంట్లో ఉంటుందా, లేక నాలుగు ఇళ్ళు నడుపుతూ వారానికోసారి కారాపి చూసి వెళ్తుందా, ఇవి అడగండి.

ఇంకా ముఖ్యమైనది రాత్రి. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం 16 మంది కన్నా తక్కువ ఉండే ఇంట్లో రాత్రిపూట ఒక మనిషి ఇంట్లో ఉంటే చాలు, మేలుకునే ఉండాలని లేదు. మతిమరుపున్నవాళ్ళకి రాత్రి కనిపెట్టుకుని ఉండాల్సిన అవసరం ఉందని తేలితే మేలుకునే మనిషిని పెట్టాలి. అలా తేలడానికి ముందు ఎవరో ఒకరు ఆ మాట ఎత్తాలి కదా. మేం ఎత్తలేదు. మా అత్తగారు ఓ రాత్రి లేచి, చీకట్లో కుర్చీకి తగిలి పడి, తెల్లారేదాకా కార్పెట్ మీదే ఉన్నారు. ఎముక విరగలేదు, అదే అదృష్టం. ఆ తర్వాత మంచం దగ్గర, దిగితే మోగే అలారం ప్యాడ్ పెట్టించాం, డాక్టరుతో రాయించాం, రాత్రి మనిషిని మేలుకునేలా మార్చారు, బిల్లు పెరిగింది. మొదటిరోజే చేయాల్సిన పని.

అలాగే, లేపాలంటే ఇద్దరు పట్టాల్సిన మనిషైతే, రాత్రి ఒక్కరే ఉండే ఇల్లు కుదరదు. పడితే 911కి ఫోన్ చేసి ఫైర్ డిపార్టుమెంటు వాళ్ళ చేత లేపించడమే చాలాచోట్ల జరిగేది.

మన ఇళ్ళలో షుగరు లేని పెద్దవాళ్ళు తక్కువ కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను. కాలిఫోర్నియాలో ఇలాంటి ఇంట్లోని మామూలు కేర్‌గివర్ ఇన్సులిన్ ఇంజెక్షన్ చేయకూడదు. పెద్దాయన తనంతట తాను చేసుకోగలగాలి, లేదంటే నర్సు వచ్చి చేయాలి. చిన్న ఇంట్లో సాధారణంగా నర్సు ఉండదు. రోజుకి మూడుసార్లు బయటి నర్సుని రప్పించడం ఎంత కష్టమో, ఎంత ఖర్చో ఆలోచించండి. వాషింగ్టన్‌లో అయితే నర్సు నేర్పించి, తన బాధ్యత మీద కేర్‌గివర్‌కి అప్పగించే పద్ధతి ఉంది. ఇప్పుడు మాత్రలతో నడుస్తున్నా, రేపు ఇన్సులిన్ మొదలైతే ఏం చేస్తారని ముందే అడగాలి. కడుపులోకి తిండి పంపే ఫీడింగ్ ట్యూబ్ పెట్టినా, మంచంలో పడుకుని పడుకుని వచ్చే పుళ్ళు, బెడ్ సోర్స్, మూడు నాలుగు స్టేజీలకి ముదిరినా సాధారణంగా అక్కడ ఉంచుకోరు. అంటే ఒంట్లో బాగా పాడైన రోజునే ఇల్లు మారాల్సి రావచ్చు. చివరిదశలో హాస్పిస్ వాళ్ళు, అంటే జబ్బు నయం చేయడం కాక బాధ లేకుండా చూసేవాళ్ళు, వచ్చి చూసుకునేలా ఆ ఇంటికి అనుమతి ఉందో లేదో కూడా కనుక్కోండి. ఇది అడగడానికి నోరు రాదు. నాకూ రాలేదు, మావారే అడిగారు.

డబ్బు సంగతి. పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్, అసిస్టెడ్ లివింగ్ అద్దెకీ, అక్కడి రోజువారీ సేవకీ పైసా ఇవ్వదు. ఆస్పత్రిలో మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉన్నాక స్కిల్డ్ నర్సింగ్‌కి, అంటే కోలుకునేదాకా నర్సులు చూసే చోటికి, 100 రోజుల దాకా ఇచ్చేది వేరు. ఈ రెంటినీ కలిపేసుకుని లెక్కలేసుకున్నవాళ్ళు నాకు కనీసం ముగ్గురు తెలుసు. పైగా ఇక్కడ పనిచేయని పెద్దవాళ్ళు గ్రీన్‌కార్డు మీద ఐదేళ్ళు వరుసగా ఉంటేగాని మెడికేర్ కొనుక్కోవడం కూడా కుదరదు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకిచ్చే మెడికెయిడ్‌కీ చాలా రాష్ట్రాల్లో ఐదేళ్ళు ఆగాలి. దొరికినా అసిస్టెడ్ లివింగ్‌కి ఇవ్వడం రాష్ట్రాన్ని బట్టి, వెయిటింగ్ లిస్టుని బట్టి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకైతే ఈ ఆలోచనే వద్దు. విజిటర్ ఇన్సూరెన్సులు ఇలాంటివాటికి ఇవ్వవు. కాబట్టి ఇది మీ జేబులోంచే. చిన్న ఇళ్ళు చాలావరకు ఒకే మొత్తం చెప్తాయి, పెద్దవి అద్దె మీద సేవల స్థాయిని బట్టి మెట్లుమెట్లుగా కలుపుతాయి. అగ్రిమెంటు ఇంటికి తెచ్చుకుని చదవండి, అక్కడే సంతకం పెట్టకండి.

"మేం ఉచితంగా మంచి హోమ్ వెతికిపెడతాం" అనే ఏజెంట్లు తగులుతారు. ఉచితం మీకు. వాళ్ళకి కమీషన్ ఇచ్చేది హోమే. ఇవ్వని హోముల పేర్లు వాళ్ళ నోట రావు. అంతకన్నా రాష్ట్రం తనిఖీ రిపోర్టులు చదవండి. కాలిఫోర్నియాలో సోషల్ సర్వీసెస్ డిపార్టుమెంటు సైటులో లైసెన్సు నంబరు కొడితే ఎప్పుడు తనిఖీ జరిగింది, ఏ తప్పులు పట్టుకున్నారు అంతా ఉంటుంది. మెడికేర్ వాళ్ళ నక్షత్రాల రేటింగ్ నర్సింగ్ హోములకే, వీటికి లేదు. ప్రతి రాష్ట్రంలోనూ ఆంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంటుంది, పెద్దవాళ్ళ తరఫున ఫిర్యాదులు చూసేది. ఆ ఫోన్ నంబరు హోమ్ గోడ మీద కనపడేలా పెట్టారో లేదో చూడండి.

చూడటానికి ఆదివారం సాయంత్రం, భోజనాల వేళ, చెప్పకుండా వెళ్ళండి. ఆ వేళకి మనుషులు తక్కువ ఉంటారు, అలిసిపోయి ఉంటారు. ఎవరికైనా తినిపిస్తుంటే చెంచా ఎంత తొందరగా నోటి దగ్గరికి వెళ్తోందో చూడండి, చాలు. మిగతా ఐదుగురినీ చూడండి. మా అత్తగారున్న ఇంట్లో నలుగురు మాట్లాడలేని స్థితిలో ఉండేవారు, రోజంతా టీవీయే మాట్లాడేది. మతిమరుపున్న ఆవిడకి అది పెద్దగా తెలియలేదు. తెలివి పూర్తిగా ఉండి, కాళ్ళు మాత్రమే బలహీనపడ్డ మనిషిని అలాంటి చోట పెడితే నెలలోనే దిగులు పట్టుకుంటుంది. అలాంటివారికి పెద్ద భవనమే మేలు, పేకాట అయినా దొరుకుతుంది. తెలివి, కాళ్ళు రెండూ తగ్గినవారికి చిన్న ఇల్లే మేలని నా అభిప్రాయం, ఇప్పటికీ.

రెండున్నరేళ్ళయ్యాక ఆ ఓనరు ఇల్లు మూసేసింది. ఈ రాష్ట్రంలో మూసేముందు 60 రోజుల నోటీసివ్వాలి, ఇచ్చింది. 85 ఏళ్ళ మనిషిని మళ్ళీ కొత్త గోడల మధ్యకి మార్చడానికి 60 రోజులు ఏ మూలకి? చేరేటప్పుడే రెండో ఇంటి పేరొకటి రాసి పెట్టుకోండి.

నలుగురూ ఏమనుకుంటారో అన్న టెన్షన్ గురించి ఆ కుర్రాడూ అడిగాడు. మమ్మల్నీ అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరూ రాత్రి రెండింటికి వచ్చి మా అత్తగారిని లేపలేదు కాబట్టి ఆ విషయం అక్కడితో వదిలేశాను.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. రాత్రి తొమ్మిదింటికి వెళ్ళి అడిగి వచ్చాడట.

"రాత్రి మనిషి పక్కగదిలో పడుకుంటుందట ఆంటీ. మంచం దగ్గర గంట ఉంటుంది, నొక్కితే వెంటనే లేస్తానంది. మంచిదే, నమ్మకంగానే ఉంది."

"మరింకేం?"

"నాన్నగారు నొక్కరు ఆంటీ. ఇంట్లో మమ్మల్నే లేపరు, పాపం పడుకున్నారు కదా అని. రెండుసార్లూ అలాగే పడ్డారు. మేలుకునే మనిషుండే ఇల్లు ఇంకోటి, కాస్త దూరమే, రేపు చూడ్డానికి వెళ్తున్నాం. మీరూ వస్తారా?"

వస్తానన్నాను.